ఒక్క నోటి డబ్బా

ఇంట్లో వినడానికి ఏ స్పీకరు కొనాలని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. సూరత్ ఉధ్నాలో మా రిపేరు కొట్టు మూసేసి రెండేళ్లయింది, అయినా అడగడం మానలేదు. అడిగేది ఎక్కువగా మీ ఈడు పిల్లలే. ఇక్కడే పుట్టి, తెలుగు సగం హిందీ సగం మాట్లాడేవాళ్లు. "అంకుల్, బేస్ మస్త్ రావాలె" అంటారు. ఒక్క నోరు, అంటే ఒక్క కోన్, ఉన్న స్పీకరు తీసుకొమ్మని, లేకపోతే పాత రేడియోలోంచి ఒకటి విప్పి మంచి చెక్క డబ్బాలో బిగించుకొమ్మని చెప్తాను. వాళ్లు నా మొహంలోకి జాలిగా చూసి, వెళ్లి నాలుగు నోళ్ల నిలువు పెట్టె, టవర్, కొనుక్కుంటారు.

ఎందుకని మాత్రం ఎవరూ అడగరు. అడగకపోయినా చెప్పడం నా వయసు వాళ్ల హక్కు. దీని వెనక నా పనిలో నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు ఉంది. ఆ తప్పు వల్ల ఒక మనిషి గొంతు పోయిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. నీ తప్పేం లేదని చెప్పినవాళ్లు ఉన్నారు. వాళ్లు మంచివాళ్లు.

ముందు స్పీకరు సంగతి. మామూలు పెద్ద పెట్టెలో లావు శబ్దానికి ఒక స్పీకరు ఉంటుంది, సన్న శబ్దానికి ట్వీటర్ అని ఇంకొకటి. ఏది ఎవరికి వెళ్లాలో పంచడానికి లోపల క్రాసోవర్ అనే చిన్న సర్క్యూట్. అంటే మనిషి మాటను రెండుగా చీల్చి, రెండు నోళ్లకు పంచి, గాలిలో మళ్లీ కలుపుకొమ్మని మన చెవికి అప్పగిస్తారు. బాగా చేసినవాటిలో అతుకు తెలియదు. మా బజారులో దొరికే టవర్లలో మాత్రం కింద దడదడ, పైన చికచిక, మాట ఉండాల్సిన నడుమ ఖాళీ. ఫుల్ రేంజ్ అనే దానిలో ఈ పంపకం లేదు. పళ్లెమంత కాగితపు కోన్ ఒక్కటే, అంతా అదే చెప్తుంది. నేల అదరదు. గజ్జెల చివరి గలగల కొంచెం తగ్గుతుంది. కానీ ఎవరన్నా మాట్లాడితే ఆ మనిషి మీ ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. మనిషికి నోరు ఒక్కటే కదా.

మాది కరీంనగర్ అవతల. పందొమ్మిదో ఏట సూరత్ వచ్చి సాంచాల మీద పడ్డాను. సాంచా అంటే పవర్‌లూమ్, మీకు తెలిసిందే. ఒక్కో షెడ్డులో, ఇక్కడి మాటలో ఖాతాలో, అరవై డెబ్బై సాంచాలు ఒకేసారి కొట్టుకుంటుంటే పక్కవాడు చెవి దగ్గర అరిచినా పెదవులు కదలడమే కనిపిస్తుంది. అందుకని ఖాతాలో చేతుల భాష ఉండేది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్దితే పోగు తెగిందని. పిడికిలి బిగించి తన వైపు లాక్కుంటే సాంచా చాలూ చెయ్యమని, అంటే మళ్లీ నడిపించమని. మీసం దువ్వితే సేఠ్ వస్తున్నాడని, సేఠ్‌కు మీసం లేకపోయినా సరే.

ఇవి కాక ఇంకొకటి ఉంది. మేం దాన్ని ఖాతా ఊపుడు అనేవాళ్లం. పని చూసే మాస్టర్ వచ్చి ఏదో చెప్తాడు, వినపడదు. మళ్లీ అడిగితే తిడతాడు. కాబట్టి తల ఊపుతాం. ఆ ఊపుడుకు విన్నానని అర్థం కాదు, నువ్వు మాట్లాడడం చూశానని. పదేళ్లు ఖాతాలో చేసినవాడు ఇంట్లో పెళ్లాం ముందూ అలాగే ఊపుతాడు, దవాఖానలో డాక్టరు ముందూ అలాగే ఊపుతాడు. వాడు అబద్ధం ఆడుతున్నాడని అనలేం. చెవి పోయిందని ఒప్పుకోకుండా రోజు గడుపుకునే పద్ధతి అది. నేను ఆరేళ్లు ఊపాను. కాబట్టి ఆ సంగతి నాకు తెలియదని తప్పించుకునే వీలు లేదు.

చెవిలో గుయ్యిమనే మోత మొదలయ్యాక నేను భయపడి ఖాతా వదిలేశాను. స్టేషన్ దగ్గర రేడియోలు బాగుచేసే సూరత్‌లోనే పుట్టిన ఒక ముసలి సూర్తీ దగ్గర పనికి కుదిరాను. ఆయన్ను అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. ఉస్తాద్‌కు ఒక పట్టింపు ఉండేది. ఏ స్పీకరు బాగుచేసినా ముందు పాట పెట్టనిచ్చేవాడు కాదు. మైకు పట్టుకుని గుజరాతీ పేపరు చదివేవాడు. మార్కెట్ ధరలు, చావు కబుర్లు, ఏది కనపడితే అది. నన్ను గదికి ఆ మూలకు పంపి, చదివింది తిరిగి చెప్పమనేవాడు. "పహేలా వాత్ సంభళావ్, పఛీ గీత్" అనేవాడు. ముందు మాట వినిపించు, తర్వాత పాట. పాట అందరికీ ముందే తెలిసి ఉంటుంది, చెవి సగం వింటే బుర్ర మిగతా సగం పూడ్చుకుంటుంది. తెలియని మాట అలా కాదు అని ఆయన లెక్క. నాకు గుజరాతీ ఈ పరీక్షల్లోనే వచ్చింది. చావు కబుర్ల గుజరాతీ ఇప్పటికీ బాగా వచ్చు.

ఉస్తాద్ పోయే ముందు తన సొంత డబ్బా నాకిచ్చాడు. టేకు పెట్టె, అందులో పాత రేడియోగ్రామ్ నుంచి తీసిన ఎనిమిది అంగుళాల కాగితపు కోన్ ఒకటి. ఇరవై ఏళ్ల పైన అది మా ఇంట్లో ఉండింది. సాయంత్రం కొట్టు నుంచి వచ్చి దాని ముందు కూర్చుంటే పాడే మనిషి ఊపిరి పీల్చడం కూడా తెలిసేది. ఆ ఊపిరి కోసమే నేను వినేవాణ్ని అంటే మీరు నవ్వుతారు.

తర్వాత కొట్టు ఉస్తాద్ కొడుకూ నేనూ కలిసి నడిపాం. డబ్బా నాకు మిగిలింది కానీ పేపరు చదివే పట్టింపు మిగల్లేదు. గిరాకీలు పెరిగాయి, టవర్లు వచ్చాయి. బాగా దడదడలాడే పాట ఒకటి పెట్టుకున్నాం. ఏ పెట్టె బాగుచేసినా అదే పాట. కొట్టు అద్దాలు అదిరేవి, గిరాకీ నవ్వేవాడు, మేమూ నవ్వేవాళ్లం. ఇంట్లో ఒక్క కోన్ ముందు కూర్చునేవాణ్ని, కొట్లో నాలుగు నోళ్ల టవర్లకు పైపై మెరుగు పెట్టి పంపేవాణ్ని. ఇందులో తేడా ఉందని నాకు తోచలేదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం అన్న వచ్చాడు. మా పక్క ఊరివాడే. ఖాతాలో నాకు పోగు ముడేయడం నేర్పింది ఆయనే. నేను ఆరేళ్లకు బయటపడితే ఆయన ముప్పై ఏళ్ల పైన అక్కడే ఉన్నాడు. కొత్త రకం మిషన్లు వచ్చి పాతవాళ్లను తీసేశాక రింగ్ రోడ్‌లో ఒక బట్టల మార్కెట్లో పార్సిళ్లు కుట్టే పనికి పోతున్నాడు. వదినె ఊళ్లో బీడీలు చేసేది. పిల్లలు లేరు. ఏడాదికి ఒక్కసారి పోయి వచ్చేవాడు. ఇక్కడ ఐదుగురితో కలిసి ఒక ఖోలీలో, అంటే ఒంటి గదిలో, ఉండేవాడు. ఆ రోజు రిక్షాలోంచి నడుమెత్తు టవర్ ఒకటి దించాడు, ఎవరో తీసేస్తే కొనుక్కున్నాడట.

"తమ్మీ, దీనిల మాట సాఫ్ రావాలె. జర చూడు."

"ఏం మాట అన్నా?" నోరు కనపడేలా ఎదురుగా నిలబడి అడిగాను.

"గదే. ఫోన్ల మాట." ఆయన తల దించుకున్నాడు. వదినె ఫోన్లో మాట్లాడి పంపుతుంది, ఇద్దరికీ చదువు రాదు. ఫోను చెవికి పెట్టుకుంటే గరగర తప్ప ఏం లేదు. ఖోలీలో వాళ్లను విని చెప్పమంటే పెళ్లాం మాటలు పది మంది నోళ్లలో పడతాయి. రోజూ సాయంత్రం రాత్రి పాళీ వాళ్లు పనికి పోయి పగటి పాళీ వాళ్లు వచ్చే నడుమ ఒక గంట ఖోలీ ఖాళీగా ఉంటుంది. ఆ గంటలో పెద్ద డబ్బాకు తగిలించుకుని వినాలని ఆయన ఆలోచన.

"దవాఖాన క్యాంపుల చెవి మిషను ఇచ్చిండ్రు గద?" అన్నాను.

"అది వెట్టుకుంటె గిన్నె కింద వడ్డా పిడుగు వడ్డట్టుంటది. పెట్టెల వడేసిన."

విప్పి చూస్తే ట్వీటర్ కాలిపోయి ఉంది. ఇంకా పదునైనది వేశాను. మా వాడుక పాట పెట్టాను. కొట్టు అదిరింది. అన్న టవర్ ఎదురుగా నిలబడి దాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూస్తున్నాడు. ఎక్కడ చూడాలో తెలియనట్టు.

"ఎట్లున్నది అన్నా? వినవడుతుందా?"

అన్న తల ఊపాడు. "మంచిగున్నది తమ్మీ."

నేను సంతోషపడ్డాను. చెవి పోయిన మనిషికి నేను చెవి ఇచ్చానని ఇంటికి పోయి మా ఆవిడతో చెప్పుకున్నాను కూడా. వదినె మెసేజ్ ఒకటి పెట్టి చూద్దామని నేను అడగలేదు, సిగ్గుపడి ఆయన తీయలేదు. మొగుడూ పెళ్లాల మాట మన ముందు ఎందుకని అనుకున్నాను. మరి పేపరు ఉంది కదా చదవడానికి. నా బల్ల మీదే ఉంది. దాని మీద పెట్టుకునే ట్వీటర్‌కు సోల్డర్ వేశాను.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక రోజు ఊరి నుంచి మార్కెట్లో తెలిసినవాళ్లకు ఫోన్ వచ్చింది. వదినెకు మెతుకు దిగడం లేదని, ఇరుగు పొరుగు పట్నం దవాఖానకు తీసుకుపోయారని. అన్న దొరికిన బండెక్కి పోయాడు. ఆయన పోయేసరికి అంతా ముదిరిపోయి ఉంది. గొంతులో పుండు. మాట వచ్చే పెట్టెనే తీసేశారు. నాలుగు నెలల ముందు తెచ్చి ఉంటే కరెంటు పెట్టి మాట నిలిపేవాళ్లమని డాక్టరు అన్నాడట. ఈ మాట అన్నకు అక్కడ ఎవరో కాగితం మీద బొమ్మలు గీసి, చేతులు తిప్పి చెప్పారు.

వదినెను సూరత్ తీసుకొచ్చి ఉధ్నాలో వేరే ఖోలీ తీసుకున్నాడు. మా ఆవిడా నేనూ చూడ్డానికి వెళ్లాం. మెడ కింద రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ కట్టుకుని ఉంది. మనిషి గట్టిదే. మా ఆవిడతో చేతులతో మాట్లాడింది. అవన్నీ ఖాతా సైగలు. పెళ్లయిన కొత్తలో సెలవుకు పోయినప్పుడు అన్న సరదాకు నేర్పాడట. చాయ్ తాగుతారా, కూర్చోండి, చక్కెర ఎంత, అన్నీ సైగలే. మా ఆవిడకు అర్థం కాకపోతే నేను చెప్పాను. అన్న ఏదన్నా అడిగితే మాత్రం గోడ వైపు చూసేది. ఆమె చేతులు అందరితో మాట్లాడాయి, ఆయనతో తప్ప.

బయటికి వచ్చాక అన్న అన్నాడు: "ఆలస్యం వచ్చిన్నని కోపం. రాదా మరి."

తర్వాత వారానికి కొట్టుకు వచ్చాడు. ఫోను నా బల్ల మీద పెట్టాడు. "ఆమె గొంతు ఇగ రాదు గద తమ్మీ. పాతయి దీనిలున్నయి. అవ్వన్న ఇందామంటె ఆ బాక్స్‌ల సాఫ్ వస్తలేదు. సాయంత్రం బాక్స్ తెస్త. జర సౌండ్ పెంచియ్యి." పార్సిళ్ల పనికి పోయాడు.

ఆయన వెళ్లాక ఫోను బల్ల మీది చిన్న స్పీకరుకు తగిలించాను. వైర్లు తెగాయో లేదో చూసుకోవడానికి పెట్టుకున్నది, నాలుగు అంగుళాల కాగితపు కోన్ ఒక్కటి. ఆఖరి మెసేజ్ నొక్కాను.

"ఇగో, నా గొంతు మల్ల వోతుంది. నీళ్లు తాగినా నొస్తుంది. పట్నం దవాఖానకు పోవాలె, ఒక్కదాన్ని పోవాలంటె భయమైతుంది. ఒక్కసారి వచ్చి పోరాదు. ఊకె సరే సరే అనకు. నేనేమన్ననో చెప్పు."

దాని కింద అన్న జవాబు ఉంది. నొక్కాను. "సరే. పైలం. ఉంట మరి."

నేను కూర్చుండిపోయాను. తర్వాత వెనక్కి వెళ్లి ఒక్కొక్కటీ విన్నాను. వినకూడదని తెలుసు, అయినా విన్నాను. మొదట్లో ఆమె గొంతు బాగానే ఉంది. బీడీ పొడి పడి ఉంటుందిలే అని తనే నవ్వింది. పోను పోను బొంగురు. ప్రతి దాంట్లో రమ్మనే అడిగింది, ఒక్కోసారి ఒక్కో సాకుతో. ఊళ్లో ఇంకెవరికీ చెప్పలేదట, చెప్తే బీడీల పని ఆపేస్తారని. అన్ని జవాబులూ ఒక్కటే. సరే, పైలం, అంటే జాగ్రత్త. అన్నిటికంటే వెనక, నేను టవర్ బాగుచేసి ఇచ్చిన సాయంత్రం అన్న పంపింది ఒకటి ఉంది. "ఇప్పుడు నీ మాట మంచిగ వినవడుతుందే. తమ్ముడు బాక్స్ బాగుచేసిండు."

అప్పుడు అర్థమైంది నాకు వదినె గోడ వైపు ఎందుకు చూస్తుందో. ఆలస్యంగా వచ్చినందుకు కాదు. విని కూడా రాలేదని. తనకు వినపడుతుందని ఆయనే చెప్పాడు. ఆయనకు అది నేను చెప్పాను. ఆయన తల ఊపాడు కాబట్టి నేను చెప్పాను.

ఉస్తాద్ కొడుకు పక్కనే ఉన్నాడు. అతనికి తెలుగు రాదు, నా మొహం చూసి అడిగాడు. చెప్పాను. "డిలీట్ కర్ దో భాయ్" అన్నాడు. "జో హోనా థా హో గయా. వో సునేగా తో మర్ జాయేగా." అయిందేదో అయింది, విన్నాడంటే చచ్చిపోతాడు, తుడిచెయ్యి అని. చెడ్డ మనసుతో అన్నది కాదు. ఫోను కోసం చెయ్యి చాపాడు కూడా. ఒక్క క్షణం నాకూ అదే మంచిదనిపించింది. ఎందుకు మంచిదనిపించిందో చూసుకుంటే, అన్న మీద జాలి కొంతే. అది పోతే నా తప్పు ఎవరికీ తెలియదన్నదే ఎక్కువ. అది తెలిశాక ఫోను ఇవ్వలేకపోయాను.

సాయంత్రం అన్న వచ్చాడు. "ఆఖరు దాంట్ల వదినె ఏమన్నదన్నా?" అని అడిగాను.

"పైలంగుండుమన్నది."

ఫోనూ టవరూ ఇంటికే తీసుకుపొమ్మని, ఆదివారం నేనే వచ్చి చూస్తానని చెప్పి పంపాను.

ఆదివారం ఖాతాలకు సెలవు, ఉధ్నా చెవులకు కూడా సెలవు. పొద్దున్నే ఉస్తాద్ డబ్బాకు తీగలు విప్పుతుంటే మా ఆవిడ చూసింది. "ఇన్నేండ్ల సంది నన్ను ముట్టనియ్యలే. ఇప్పుడు ఎటు వోతుంది?" జరిగింది చెప్పాను, మొదటి సాయంత్రం నేను గొప్పలు పోయింది కూడా కలిపి. ఆమె కొంగుతో డబ్బా మీది దుమ్ము తుడిచి తెచ్చి రిక్షాలో నా ఒళ్లో పెట్టింది.

ఖోలీలో వదినె బియ్యం ఏరుతోంది. అన్న మంచం మీద ఉన్నాడు. టవర్ ఒక మూల నిలబడి ఉంది. నేను డబ్బాను ట్రంకు పెట్టె మీద పెట్టి, వదినె వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాను.

"వదినె, తప్పు నాది. ఆనాడు అన్నకు వినవడలే. తలకాయ ఊపితె వినవడ్డదనుకున్న. అన్న నీకు చెప్పింది నా మాట వట్టుకొనే."

నా వీపు అన్న వైపు ఉంది. ఏదో మాట్లాడుతున్నానని తెలిసి ఆయన వెనక నుంచి తల ఊపుతున్నాడు. అది వదినె చూసింది, అయినా కరగలేదు. చాట పక్కన పెట్టి లేచి, బల్ల మీది ఫోను అందుకుంది. ఆ మెసేజ్ ఎక్కడుందో ఆమెకు బాగా తెలుసు. వెతకకుండా నొక్కి నా మొహం ముందు పెట్టింది. "ఇప్పుడు నీ మాట మంచిగ వినవడుతుందే. తమ్ముడు బాక్స్ బాగుచేసిండు." మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. ఎనిమిది నెలలు ఆమె ఆ మాటను నమ్మింది, తర్వాత ఆ మాటనే పట్టుకుని ఆయన్ను అసహ్యించుకుంది.

"జర కూసో వదినె," అన్నాను. "నేను చెప్తె నమ్మకు. నువ్వే చూడు."

ఫోను ముందు టవర్‌కు తగిలించాను. అన్నను ఎదురుగా కూర్చోబెట్టి ఆఖరి మెసేజ్ పెట్టాను. ఖోలీ నిండా గూంయ్‌మని మోత, దాని మీద చికచిక, రెండింటి నడుమ ఎక్కడో వదినె. తన గొంతు వినగానే ఆమె చెయ్యి మెడ మీది గుడ్డ మీదికి పోయింది. నేనేమన్ననో చెప్పు, అని టవర్ అంది. అన్న తల ఊపాడు. నెమ్మదిగా, ప్రేమగా ఊపాడు.

"ఏమన్నది అన్నా?"

"పైలంగుండుమన్నది. తిన్నవా అన్నది."

వదినె చెయ్యి గుడ్డ మీదే ఉండిపోయింది.

తీగ తీసి ఉస్తాద్ డబ్బాకు తగిలించాను. చేతికి అందేంత దూరంలో, అన్న మొహానికి సరిగ్గా ఎదురుగా జరిపాను. "దీనికి ఒక్కటే నోరు. దాన్నే చూడు" అని సైగ చేశాను. ఖాతా మనుషులు చెవితో కంటే కంటితో ఎక్కువ వింటారు. ఆయన ఎప్పుడూ మనిషి పెదవులను చూసినట్టు ఆ కాగితపు కోన్‌ను చూశాడు. మెసేజ్ పెట్టాను.

ఇది మాయ అని మీరు అనుకోకండి. పోయిన చెవి పోయినట్టే ఉంది. కాకపోతే ఆయనకు మిగిలిన చెవి ఏదైతే ఉందో, మాట ఉండే ఆ నడుమ భాగం, ఈ డబ్బా సరిగ్గా అక్కడే మాట్లాడుతుంది. దాన్ని ముంచే గూంయ్ లేదు, మాటను చీల్చే రెండో నోరు లేదు. మొదటిసారి అయ్యాక ఆయన నుదురు ముడతలు పడింది. తల ఊపలేదు.

"గొంతు అన్నది," అన్నాడు. "నీళ్లు అన్నది."

మళ్లీ పెట్టాను. ముందుకు వంగి మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకున్నాడు. "నీళ్లు తాగినా నొస్తుంది. పట్నం... పట్నం దవాఖానకు..." ఆగిపోయాడు. నా వైపు చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది. నేను ఆపేద్దామనుకున్నాను. ఉస్తాద్ కొడుకు చెప్పిందే నిజమేమో, ఈ మనిషి తట్టుకోలేడేమో అనుకున్నాను. మూడోసారి నొక్కింది నేను కాదు. వదినె వచ్చి నొక్కింది.

ఈసారి అన్న ఒక్కో ముక్క వెంట చిన్నగా పెదవులు కదుపుతూ విన్నాడు. అయిపోయాక పాఠం అప్పజెప్పినట్టు మొదటినుంచి చెప్పాడు. గొంతు పోతుందన్నది. నీళ్లు తాగినా నొస్తుందన్నది. ఒక్కదాన్నే పోవాలంటే భయమైతుందన్నది. ఒక్కసారి వచ్చి పోరాదు అన్నది.

"ఊకె సరే సరే అనకు. నేనేమన్ననో చెప్పు... అన్నది."

తర్వాత అన్న వదినె వైపు తిరిగాడు. నేను ఆయన్ను ఎరిగినప్పటి నుంచి ఆ మాట ఆయన నోట వినలేదు. మాస్టర్ ముందు అనలేదు, డాక్టరు ముందు అనలేదు, నా ముందు అనలేదు.

"నాకు వినవడలేదే," అన్నాడు. "అప్పుడు గూడ వినవడలే. ఎన్నడు వినవడలే. నేను ఉత్తగనే సరే అన్న."

వదినె ఏడ్చింది. ఏడుపుకు కూడా చప్పుడు లేదు, మెడ మీది గుడ్డ ఒకటే ఎగిరెగిరి పడింది. నేను లేచి గుమ్మం వైపు జరిగాను. అలాంటప్పుడు బయటివాడు ఉండకూడదు. అయినా తిరిగి చూశాను. వదినె కళ్లు తుడుచుకుని ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. సూరత్ వచ్చినప్పటి నుంచి మొదటిసారి చేతులు ఆయన వైపు ఎత్తింది. పిడికిలి బిగించి తన వైపు లాక్కుంది. చాలూ చెయ్యి.

అన్న మెడ అలవాటుగా కిందికి వంగబోయింది. ఆపుకున్నాడు.

"మల్ల వెట్టుమంటున్నవు," అన్నాడు పైకి. "అంతే గద? మల్ల వెట్టుమన్నవు."

ఆమె అవునంది. ఆయన మొదటి మెసేజ్ నుంచి పెట్టాడు, బీడీ పొడి పడి ఉంటుందిలే అని ఆమె నవ్విన దగ్గరి నుంచి. నేను చెప్పులేసుకున్నాను.

డబ్బా వాళ్ల దగ్గరే ఉంది. ఆ సోమవారం నుంచి కొట్లో మా దడదడ పాట తీసేసి మళ్లీ పేపరు తెప్పించాను. గిరాకీలు విసుక్కున్నారు, కొందరు రావడం మానేశారు. ఉస్తాద్ కొడుకు వాళ్ల నాన్న గొంతుతోనే చదివేవాడు. వినపడుతుందా అని మేం మళ్లీ ఎవరినీ అడగలేదు. ఏమన్నానో చెప్పండి అని అడిగేవాళ్లం. మీరూ ఎవరికన్నా స్పీకరు కొనిపెట్టేటప్పుడు, ముఖ్యంగా పెద్దవాళ్లకు, అలాగే అడగండి. వాళ్లు తల ఊపితే ఒప్పుకోకండి.

ఆ ఆదివారం ఇంటికి నడిచే వచ్చాను. డబ్బా ఉన్న చోట గోడ మీద నలుచదరంగా తెల్లటి మచ్చ మిగిలి ఉంది. దాని ఎదురుగా నా కుర్చీలో కూర్చున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ ఏదో అడిగింది. కుక్కర్ మోతలో సగమే అందింది. ఆరేళ్లు ఖాతాలో చేసిన చెవులు, అప్పటికి నావీ బాగా మందగించాయి. అలవాటుగా తల ఊపబోయాను. ఆమె అటు తిరిగి ఉంది, ఊపినా చూసేది కాదు.

లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాను.

"నాకు వినవడలే," అన్నాను. "ఏమన్నవు?"